అరిగే భాగం: కారు ముందు బ్రేకుల చరిత్ర

కదిలే బండిని ఆపే మామూలు బ్రేకు ఏదైనా అందులో రెండు తలాలు ఒకదానితో ఒకటి రాపాడక తప్పదు; ఆ రాపిడిలో బండికున్న గతిజశక్తి, అంటే చలనం వల్ల దానికి వచ్చిన శక్తి, వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది, ఆ క్రమంలో ఆ రెండు తలాల్లో ఏదో ఒకటి గానీ రెండూ గానీ కొంత అరుగుతాయి. అందుకే నూట ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీర్లు తేల్చుకుంటూ వచ్చినది ప్రధానంగా ఒక్కటే: ఆ అరుగుదలను ఏ భాగం మీద వేయాలి, ఆ భాగాన్ని ఎవరు ఎంత తేలిగ్గా మార్చగలగాలి, రాలిన పొడి ఎక్కడికి పోవాలి. ఈనాడు పాత కారును షెడ్డుకు తీసుకువెళ్లి ముందు చక్రాల ప్యాడ్లూ డిస్కులూ మార్పించుకోవడం ఒక పూటలో తేలిపోయే పని. అది ఇంత చిన్న పనిగా మారడం వెనుక తోలు, రాగి, రాతినార, పోత ఇనుము వంటి పదార్థాల చరిత్ర ఉంది. ఆ పదార్థాల పొడిని పీల్చిన మనుషుల చరిత్ర కూడా ఉంది, దానికి దక్కవలసినంత చోటు మోటారు చరిత్రల్లో దక్కలేదు.

ముందుగా భాగాల సంగతి. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్లేన్ని మన మెకానిక్కులు డిస్కు అంటారు, కంపెనీల పుస్తకాల్లో అదే రోటర్. దాని అంచును ఇరువైపులా పట్టి, తాను తిరగకుండా నిలిచి ఉండే బిగింపు కాలిపర్. కాలిపర్ లోపల డిస్కుకు అటూ ఇటూ ఉండే, ఉక్కు రేకు మీద రాపిడి పదార్థాన్ని అంటించిన పలకలు ప్యాడ్లు. డ్రైవరు పెడల్ తొక్కినప్పుడు గొట్టాల్లోని ద్రవం, అంటే షెడ్లలో బ్రేక్ ఆయిల్ అనేది, కాలిపర్‌లోని పిస్టన్‌ను ముందుకు నెట్టగా ప్యాడ్లు డిస్కును అదుముతాయి. వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలోని గతిజశక్తి సుమారు 386 కిలోజౌళ్లు. 30 డిగ్రీల దగ్గర ఉన్న లీటరుంపావు నీటిని మరిగించడానికి ఆ శక్తి చాలు, బ్రేకు దానినంతటినీ కొద్ది సెకన్లలో మింగాలి. పైగా బ్రేకు పడగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో సగానికి మించిన భారం ముందు చక్రాల మీదే పడుతుంది, ముందు ప్యాడ్లు వెనుకవాటికంటే ముందుగా అరిగిపోవడానికి కారణం ఇదే.

మోటారు బండి బ్రేకుకు తొడిగిన తొలి తొడుగు తోలు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రాల బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్త్స్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం చేసింది. కొండదారుల్లో దిగుతున్నకొద్దీ బ్రేకు దిమ్మలు అరిగిపోతుండగా ఆమె దారిలోని ఒక ఊళ్లో చెప్పులు కుట్టే పనివాడి చేత వాటికి తోలు కొట్టించింది. ఈ యాత్రను మోటారు చరిత్రకారులు ఎక్కువగా తొలి దూరప్రయాణంగానే చెప్పుకుంటారు. బ్రేకుల చరిత్ర దృష్టితో చూస్తే అంతకంటె విలువైన సంగతి, గట్టి భాగాన్ని కాపాడడానికి దాని మీద మెత్తని, చవకైన, మార్చుకోదగిన పొరను వేయాలన్న ఆలోచన ఆ రోజున ఒక స్త్రీ చొరవతో, ఒక చర్మకారుడి సుత్తి కింద ఆచరణలోకి రావడం. కారు బ్రేకు మరమ్మతు చేసిన తొలి పనివాళ్లలో ఒకడైన ఆ మనిషి మెకానిక్కు కాదు, ఆ వృత్తి అప్పటికి పుట్టలేదు.

తొమ్మిదేళ్ల తరవాత ఇంగ్లండులో ఇదే ఆలోచన వ్యాపారంగా మారింది. డెర్బీషైర్ కొండల్లో రైతులు గుర్రబ్బండ్లను వాలులో దింపేటప్పుడు బ్రేకు దిమ్మలకు పాత బూట్లను కట్టుకోవడం గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్, తోలుకంటె ఎక్కువకాలం మన్నే తొడుగు చేయవచ్చునని 1897లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. యంత్రాలను తిప్పే పట్టీల కోసం నేసే దట్టమైన బట్టను జిగురు పదార్థాల్లో నానబెట్టి అతడు తయారుచేసిన దిమ్మలు ముందు గుర్రబ్బండ్లకు, తరవాత మోటారు బండ్లకు అమ్ముడుపోయాయి. 1902లో కర్మాగారం చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ అనే ఊరికి మారింది, ఫెరోడో అన్న పేరుతో ఆ సంస్థ బ్రేకు లైనింగుల లోకంలో స్థిరపడింది. లైనింగ్ అంటే బ్రేకు ఇనుప భాగం మీద పరిచి, రివెట్లతోనో జిగురుతోనో బిగించే రాపిడి పొర. నూలు లైనింగుకు ఉన్న లోపం వేడి. నిండా వేడెక్కితే అది మాడి బొగ్గవుతుంది. కార్ల బరువూ వేగమూ పెరుగుతున్న ఆ రోజుల్లో ఈ లోపం ప్రాణాంతకమైనది.

విచిత్రమేమిటంటే, చివరికి గెలిచిన డిస్కు బ్రేకు అప్పటికే పుట్టింది, పుట్టిన చోటే ఓడిపోయింది. బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారుచేస్తున్న ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లో ఒక పేటెంటు తీసుకున్నాడు: చక్రంతో తిరిగే పలుచని లోహపు పళ్లెం, దాని అంచును రెండు వైపుల నుంచి పట్టే దవడలు. ఈనాటి కాలిపర్‌ను చూసినవాడు ఎవడైనా ఆ వర్ణనను వెంటనే గుర్తుపడతాడు. లాంచెస్టర్ దవడలకు రాగిని అమర్చాడు, ఎందుకంటే రాగి వేడిని త్వరగా లాగేస్తుంది; కాని లోహం మీద లోహం రాసుకొని భరించలేని కీచుధ్వని పుట్టేది, అంతకుమించి ఆనాటి మట్టి రోడ్ల దుమ్మూ ఇసుకా పళ్లేనికీ రాగికీ మధ్య చేరి ఆ రాగిని శరవేగంగా అరగదీసేవి. 1907 ప్రాంతంలో ఫ్రూడ్ రాతినార తొడుగు వేసి చప్పుడును అణచగలిగాడు గాని, అప్పటికే కార్ల లోకం మరో దారి పట్టింది. లాంచెస్టర్ ఆలోచనలో తప్పులేదు. ఆ ఆలోచనకు తగిన రోడ్డు ఇంకా రాలేదు.

ఆ మరో దారి డ్రమ్ము బ్రేకు. చక్రంతో పాటు తిరిగే డోలు వంటి ఇనుప పాత్ర లోపల అర్ధచంద్రాకారపు రెండు 'షూ'లు ఉంటాయి, అవి వెలుపలికి విచ్చుకొని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. ఈ ఏర్పాటుకు 1902లో లూయీ రెనో పేరు మీద స్థిరమైన రూపం వచ్చింది. డ్రమ్ముకు రెండు సుగుణాలున్నాయి: మూత ఉన్నది కాబట్టి రోడ్డు దుమ్ము లోపలికి తేలిగ్గా పోదు, తిరిగే డ్రమ్మే షూను తనవైపు మరింత లాక్కుంటుంది కాబట్టి డ్రైవరు కాలి బలం తక్కువైనా చాలుతుంది. ఈ రెండో గుణం ఆ కాలానికి చాలా ముఖ్యం, ఎందుకంటే మొదట్లో బ్రేకులన్నీ కడ్డీలతోనో తీగలతోనో లాగేవే. ఆ మూత వల్ల వచ్చిన ఇంకొక ఫలితాన్ని మాత్రం అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు: అరిగిన పొడి బయటికి పోకుండా డ్రమ్ములోనే పేరుకొని, దానిని విప్పే మనిషి కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఆ పొడిలో ఎక్కువ భాగం రాతినార. ఆస్‌బెస్టాస్ అని వాడుకలో ఉన్న ఈ ఖనిజం రాయే అయినా పీచులుగా విడిపోతుంది, ఆ పీచును దూదిలాగ వడికి నేయవచ్చు, నిప్పులో వేసినా మాడదు. బ్రేకు లైనింగుకు కావలసిన గుణాలన్నీ ప్రకృతిలో ఒకేచోట దొరికినట్టయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకం చివరినుంచి సుమారు ఎనభై ఏళ్లపాటు ప్రపంచంలోని కార్లూ లారీలూ బస్సులూ దాదాపుగా రాతినార మీదే ఆగాయి. తెలుగు నేలకు ఈ ఖనిజంతో దగ్గరి సంబంధం ఉంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, ముఖ్యంగా బ్రాహ్మణపల్లె పరిసరాల్లో, వేంపల్లె డోలమైటు పొరల్లోకి అగ్నిశిల చొరబడినచోట ఆ డోలమైటు మార్పుచెంది, దానిలో క్రిసోటైల్ అనే మెత్తని తెల్లని రాతినార ఈనెలుగా ఏర్పడింది. 1930లలోనే భూగర్భ పరిశోధకులు దానిని అధ్యయనం చేశారు, దేశంలో దొరికే క్రిసోటైల్‌లో మేలురకమని దానికి పేరు వచ్చింది. 1986 తరవాత దేశంలో రాతినార గనులకు కొత్త లీజులు ఇవ్వడం ఆగిపోయింది గాని, దిగుమతి చేసుకున్న రాతినార వాడకం మీద సంపూర్ణ నిషేధం రాలేదు.

ఈ పీచు మనిషి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, కరగదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో రాతినార నూలు వడికే కర్మాగారంలో చిన్ననాటినుంచి పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్ల వయసులో చనిపోగా, ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించిన డాక్టరు విలియం కుక్ ఆ ఖనిజపు కణాలను చూసి వైద్యపత్రికలో రాశాడు. రాతినార వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వైద్యశాస్త్రంలో నమోదైన తొలి సందర్భాల్లో అది ప్రసిద్ధమైనది. 1931లో బ్రిటన్ కర్మాగారాల్లో ధూళి మీద నిబంధనలు తెచ్చింది, కాని ఆ నిబంధనలు కర్మాగారం గేటు దాటలేదు. డ్రమ్ము విప్పి, గాలిగొట్టంతో ఆ పొడిని ఊది, దులిపిన చోటే కూర్చొని భోజనం చేసే షెడ్డు పనివాణ్ణి ఏ చట్టమూ దశాబ్దాలపాటు తలచుకోలేదు. రాతినారకూ ఊపిరితిత్తుల పొరను కబళించే మీసోథీలియోమా అనే కాన్సరుకూ ఉన్న సంబంధాన్ని 1960లో దక్షిణాఫ్రికానుంచి వచ్చిన పరిశోధన స్థిరపరచిన తరవాత కూడా బ్రేకుల తయారీలో దాని వాడకం పెరుగుతూనే వచ్చింది. బ్రిటన్ పూర్తి నిషేధం 1999లోనూ, ఐరోపా సమాఖ్య నిషేధం 2005లోనూ అమలులోకి వచ్చాయి. కెర్షా మరణానికీ బ్రిటన్ నిషేధానికీ మధ్య 75 ఏళ్లు గడిచాయి. సాంకేతిక కారణాలతో ఆ ఆలస్యాన్ని సమర్థించడం సాధ్యం కాదు. భారతదేశంలో 1995 జనవరిలో సుప్రీంకోర్టు, రాతినార కార్మికుల తరఫున వచ్చిన వ్యాజ్యంలో, కార్మికుడి ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి, పనిలో చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లపాటు ఆరోగ్య రికార్డులను భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు బయటపడడానికి పట్టే కాలం అంత పొడవైనది.

బ్రేకుల నిర్మాణం వైపు మళ్లితే, 1920ల దాకా చాలా కార్లకు వెనుక చక్రాలకే బ్రేకులుండేవి. మలుపు తిరిగే ముందు చక్రాలకు కడ్డీలతో సమానమైన ఒత్తిడి అందించడం కష్టం; ఒకవైపు ఎక్కువ పడితే బండి అటువైపు లాగి పల్టీ కొట్టవచ్చునన్న భయం ఉండేది. ఆ భయాన్ని పోగొట్టినది ద్రవం. మూసి ఉన్న గొట్టాల్లోని ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రాన్ని ఆధారం చేసుకొని మాల్కమ్ లౌహెడ్ రూపొందించిన పద్ధతి 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ అమరింది. ఆ తొలితరం బ్రేకు ద్రవాల్లో ఆల్కహాలుతో కలిపిన ఆముదం ముఖ్యమైనది. పాలమూరు, నల్లగొండ మెట్టభూముల్లో వేసే పంటకూ కారు బ్రేకుకూ ఇలాంటి చుట్టరికం ఉన్నదని ఈ తరం వాళ్లకు అంతగా తెలియదు. నేటి ద్రవాలు ఎక్కువగా గ్లైకాల్ రకానివి, అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి, అందుకే వాటిని రెండేళ్లకొకసారి మార్చమంటారు.

నాలుగు చక్రాలకూ బలమైన బ్రేకులు రావడంతో డ్రమ్ము బలహీనత బయటపడింది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూనుంచి దూరంగా జరుగుతుంది, లైనింగులోని బంధక పదార్థం కాగి రాపిడి తగ్గిపోతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది గాని బండి ఆగదు. దీనినే బ్రేకు మందగించడం అంటారు. తిరుమలలో 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో, నేడు కొండ దిగడానికి వాడే ఆ దారిలో, పాతతరం బస్సులూ కార్లూ తక్కువ గేరులో దిగాలన్న నియమం ఈ సమస్యనుంచి పుట్టినదే. ఇంజను బండిని కొంత పట్టి ఉంచితే బ్రేకుకు చల్లారే వ్యవధి దొరుకుతుంది.

పరిష్కారం విమానాలనుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బరువైన విమానాలు పొట్టి రన్‌వేల మీద దిగి ఆగవలసి రావడంతో డిస్కు బ్రేకు మళ్లీ పనికివచ్చింది. యుద్ధం ముగిశాక డన్‌లప్ సంస్థ కొవెంట్రీలోని జాగ్వార్ కంపెనీతో కలిసి దానిని కారుకు తగినట్టు మలచింది. పరీక్షల భారమంతా నార్మన్ డ్యూయిస్ అనే టెస్ట్ డ్రైవరు మోశాడు. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్ పందెంలో స్టర్లింగ్ మాస్ డిస్కు బ్రేకుల కారుతో గెలిచాడు. 1953లో లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సి-టైప్ గంటకు సగటున 170 కిలోమీటర్ల వేగంతో నెగ్గింది, ఆ పందెంలో సగటు వేగం గంటకు వంద మైళ్లు దాటడం అదే మొదలు. ఆ కార్లు మిగతావాటికంటె వేగంగా పరుగెత్తడం మాత్రమే ఆ గెలుపుకు కారణం కాదు. తిన్నని రోడ్డు చివర మిగతా డ్రైవర్లు బ్రేకు తొక్కిన తరవాత కూడా జాగ్వార్ డ్రైవర్లు ఇంకా కొంత దూరం వేగం తగ్గించకుండా పోగలిగారు, అలా రాత్రంతా చేసినా బ్రేకు మందగించలేదు. డిస్కు బహిరంగంగా గాలిలో తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, వేడికి అది ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. లాంచెస్టర్‌ను ఓడించిన దుమ్ము అప్పటికి తారు కిందికి వెళ్లిపోయింది.

1955లో పారిస్ ప్రదర్శనలో వచ్చిన సిత్రోయెన్ డిఎస్ ముందు డిస్కు బ్రేకులను భారీ సంఖ్యలో తయారైన కారుకు తెచ్చింది. దానిలో డిస్కులు చక్రాల దగ్గర కాక లోపల గేరుబాక్సు పక్కన ఉండేవి, ప్యాడ్లు మార్చాలంటే బానెట్ కింద చేయి దూర్చవలసి వచ్చేది. తరవాతి చాలా ఏళ్లపాటు ఇతర కార్లలో కూడా డిస్కు, చక్రం బిగించే హబ్ కలిసి ఒకే పోతగా, లేదా హబ్ వెనుక బోల్టులతో బిగించి ఉండేవి. డిస్కు తీయాలంటే బేరింగులు విప్పి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగువు సరిచూడాలి. అందువల్ల అరిగిన డిస్కును పారేయడం కంటె లేత్ మీద ఎక్కించి తలం చదును చేయించడమే ఆచారమైంది. ఆ తరవాత హబ్ మీద టోపీలా తొడిగే విడి డిస్కు వచ్చింది, చక్రం విప్పి కాలిపర్ తప్పిస్తే అది చేతికి వస్తుంది. బరువు తగ్గించడానికి దానిని పలుచగా పోశారు, పెద్ద ఎత్తున పోత పోయడంతో ధర పడిపోయింది. ఈ మార్పుతో బ్రేకుల చరిత్రలో ఒక సరిహద్దు చెరిగింది. అంతవరకు మెత్తని పొర అరిగేది, గట్టి ఇనుము నిలిచేది. ఇప్పుడు రెండూ అరిగే భాగాలే అయ్యాయి. డిస్కు అంచు మీద పోతలోనే ముద్రించి ఉండే కనీస మందం అంకె దానికి సాక్ష్యం: చిన్న కార్ల డిస్కుల్లో కొత్త మందానికీ ఆ కనీస మందానికీ మధ్య తేడా తరచు రెండు మిల్లీమీటర్లే, ఒకసారి లేత్ ఎక్కితే అందులో మిగిలేది బహు స్వల్పం.

భారతదేశంలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. దశాబ్దాలపాటు రోడ్లను ఏలిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే తిరిగాయి. ముంబయిలో హిందుస్థాన్ ఫెరోడో 1950లలో, చెన్నై పాడిలో బ్రేక్స్ ఇండియా 1962లో, రాణే బ్రేక్ లైనింగ్ 1964లో మొదలై విడిభాగాల కొరత తీర్చాయి. 1960లలో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోను, తరవాత హైదరాబాదు, విశాఖ, గుంటూరుల్లో వెలిసిన ఆటోనగర్లలోను 'లైనర్ కొట్టడం' ఒక ప్రత్యేక వృత్తిగా బతికింది: ఉలితో పాత రివెట్లు తెంపి, షూను రుద్ది, కొత్త లైనింగు ముక్కకు రివెటు తల లోపలికి దిగేలా గుంత తొలిచి, మధ్యనుంచి చివరలకు వరసగా రివెట్లు కొట్టి, అంచులు ఆకురాయితో వాలుగా అరగదీసి ఇస్తారు, పక్కనే లేత్ షాపులో డ్రమ్ము టర్నింగ్ అవుతుంటుంది. లారీల కోసం ఈ వృత్తి నేటికీ సాగుతున్నది. 1980లలో వచ్చిన మారుతి 800 తరం కార్లతో ముందు డిస్కు బ్రేకు మధ్యతరగతి ఇంటి ముంగిటికి చేరడంతో కార్ల వరకు రివెటు పని తగ్గిపోయి, డబ్బాలో వచ్చే ప్యాడ్ల సెట్టు దాని స్థానంలోకి వచ్చింది.

పాత కారుకు ఈ పని ఎలా జరుగుతుందో దగ్గరనుంచి చూస్తే పై చరిత్ర అంతా ఆ రెండు చక్రాల మీద కనిపిస్తుంది. చక్రం విప్పగానే డిస్కు అంచున గోరుకు తగిలే గట్టు ఉంటుంది. ప్యాడు తాకని ఆ అంచు పాత మందాన్ని చూపిస్తే, దాని పక్కనున్న పల్లం అరిగిన మేర చూపిస్తుంది, మైక్రోమీటరుతో ఆ పల్లం దగ్గర మందాన్ని నాలుగైదు చోట్ల కొలిచి అంచు మీది అంకెతో పోల్చాలి. ప్యాడు మీద పదార్థం రెండు మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చవలసిందే. చాలా ప్యాడ్లకు చిన్న ఉక్కు నాలుక ఉంటుంది, పదార్థం తరిగాక అది డిస్కును తాకి కీచుమంటుంది, లాంచెస్టర్ కార్లను వెక్కిరించిన ధ్వనే ఇక్కడ హెచ్చరికగా పనికివస్తున్నది. కాలిపర్‌ను బ్రేకు గొట్టం మీద వేలాడనీయకుండా తీగతో కట్టాలి. తుప్పుతో హబ్‌కు అంటుకుపోయిన డిస్కును సుత్తితో బాదే ముందు దానిలోని రెండు మరల రంధ్రాలను చూడాలి, వాటిలో బోల్టులు సమంగా బిగిస్తే డిస్కు తానే లేచి వస్తుంది. ఆ తరవాతి పని చాలా షెడ్లలో వదిలేసేదీ, అన్నిటికంటె ముఖ్యమైనదీ: హబ్ ముఖం మీది తుప్పును తీగబ్రష్షుతో పూర్తిగా గీకడం. అక్కడ ఒక తుప్పు రేణువు మిగిలినా కొత్త డిస్కు అంచు దగ్గర మిల్లీమీటరులో పదో వంతు ఊగుతుంది, ఆ ఊపు కొన్ని వేల కిలోమీటర్ల తరవాత డిస్కును ఒకచోట పలుచగా, ఒకచోట మందంగా అరగదీసి, బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ కింద వణుకు పుట్టిస్తుంది. జనం 'డిస్కు వంగింది' అనేది తరచుగా ఇదే. కొత్త డిస్కు మీది తుప్పునిరోధక నూనెను తుడవాలి, కాలిపర్ జారే పిన్నులకు తగిన గ్రీజు పెట్టాలి, పిస్టన్‌ను వెనక్కు నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోవాలి, బండి కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మొదటి కొన్ని కిలోమీటర్లు మధ్యరకం వేగంనుంచి నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ నడిపితే ప్యాడు పదార్థం పలుచని సమానమైన పొరగా డిస్కు మీద చేరుతుంది. రాపిడి ఎక్కువ భాగం ఆ పొర మీదే జరుగుతుంది.

రాతినార తొలగిన తరవాత ప్యాడులోకి ఏమేమి వచ్చాయో చూస్తే తెలుగు నేల మళ్లీ తారసపడుతుంది. ఒక్క ఖనిజం చేసిన పనిని ఇప్పుడు పది ఇరవై పదార్థాలు కలిసి చేస్తున్నాయి: అన్నిటినీ పట్టి ఉంచే ఫినాలిక్ రెసిన్, బలానికి అరామిడ్ పీచు, ఉక్కు పీచు, జారుడుకు గ్రాఫైటు, నింపుడుకు బెరైటీస్. ఈ చివరిది మన ముగ్గురాయి, రాజంపేట వైపు మంగంపేటలో ఉన్న నిక్షేపం ప్రపంచంలో అతిపెద్దవాటిలో ఒకటి. దానిలో అత్యధికభాగం చమురు బావుల తవ్వకానికి పోయినా, బరువైన, వేడికి చలించని ఆ పొడి బ్రేకు ప్యాడుల్లో కూడా ముఖ్యమైన పూరకం. ఇక జీడిపిక్కల పెంకులోని నూనెను గట్టిపరచి పొడిచేసి ప్యాడు మిశ్రమంలో కలుపుతారు, అది రాపిడిని నిలకడగా ఉంచి, చప్పుడును తగ్గిస్తుంది. పలాస జీడి పరిశ్రమలో పెంకు వలిచే ఆడవాళ్ల వేళ్లను కాల్చే నూనె, చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి రసానికి దగ్గరి బంధువు. ఆ కాల్చే గుణమున్న నూనెకే వేడిలో నిలబడే శక్తి కూడా ఉంది.

లాంచెస్టర్ వాడిన రాగి కూడా తిరిగివచ్చింది. రాతినార పోయాక వేడిని లాగడానికి ప్యాడ్లలో రాగి పీచు విరివిగా కలిపారు. వానకు రోడ్లమీది బ్రేకు పొడి కాలువల్లోకి కొట్టుకుపోయి, నీటిలో కరిగిన రాగి సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తిని దెబ్బతీస్తున్నదని తేలడంతో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2010లో చట్టం చేసింది, కాలిఫోర్నియా దానిని అనుసరించింది. ప్యాడులో రాగి బరువు 2021 నాటికి 5 శాతంలోపుకూ, 2025 నాటికి అర శాతంలోపుకూ దిగాలన్నది ఆ చట్టాల సారం. పొడి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను చట్టం తయారీదారుడి ముందుంచడం నెల్లీ కెర్షా నాటినుంచి చూస్తే పెద్ద మార్పే. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు మొదటిసారిగా బ్రేకునుంచి రాలే సూక్ష్మధూళికి కిలోమీటరుకు 7 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి, బ్యాటరీ కార్లకు అది 3 మిల్లీగ్రాములు.

మన షెడ్లకు చేరని చట్టాలు ఇవి. ఎప్పుడు, ఎక్కడ తయారైందో తెలియని లైనింగు వేసిన పాత డ్రమ్ము నేటికీ మన ఆటోనగర్లలో రోజూ విప్పుతున్నారు. అందులో రాతినార లేదని కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు. గాలిగొట్టం పక్కన పెట్టి, పొడిని ముందు నీళ్లతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయడానికి ఖర్చేమీ లేదు. షెడ్డు యజమానులు తమ దగ్గర పనిచేసే కుర్రవాళ్లకు మొదటి రోజే ఈ పని నేర్పాలి, కారు ఇచ్చే యజమానులు కూడా ఆ సంగతి నిలబడి అడగాలి.